కార్డు ఉంది కదా అని: ఉచిత వైద్యంలో అక్కర్లేని వైద్యం ఎక్కడ మొదలవుతోంది

ఉచిత వైద్యం మీద మాట వచ్చిందంటే గోదావరి డెల్టాలో ఏ ఊళ్లోనైనా ఒక ఫిర్యాదు తప్పకుండా వినపడుతుంది: "ఫ్రీ కదా అని జనం ఆస్పత్రుల మీద పడిపోతున్నారండి." తుమ్మితే డాక్టరు, దగ్గితే ఎక్స్‌రే, నడుం పట్టేస్తే ఎమ్మారై స్కానింగ్. అదే చేతి డబ్బు పెట్టాల్సి వస్తే ఇంతమంది వస్తారా అని అడుగుతారు. ఇలా అనేవాళ్లలో డాక్టర్లున్నారు, ఉద్యోగులున్నారు, వ్యాపారస్తులున్నారు. అదే ఆరోగ్యశ్రీ కార్డు మీద, అంటే ప్రభుత్వమే బిల్లు కట్టే పథకం కింద, ఆపరేషన్ చేయించుకుని గండం గట్టెక్కినవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి ఇది డబ్బున్నవాళ్ల అక్కసు అని కొట్టిపారేయడానికి లేదు.

మాటలో నిజం ఉంది. అది ఎక్కడిదాకా నిజమో మాత్రం తేల్చుకోవాలి. ఉచితం అన్నది రోగిని ఆస్పత్రి గుమ్మం దాకా తెస్తుంది. గుమ్మం దాటాక ఏ పరీక్ష రాయాలి, మంచం ఇవ్వాలా వద్దా, ఆపరేషన్ అవసరమా అన్నవి రోగి చేతిలో ఉండవు. పెద్ద ఖర్చు, పెద్ద హాని రెండూ గుమ్మానికి లోపలే జరుగుతాయి. రోగిని తప్పుపట్టే చర్చల్లో ఈ సంగతే మరుగున పడిపోతోంది.

ఈ ప్రశ్న మనకు కొత్త కావచ్చు గానీ ఆర్థికశాస్త్రంలో పాతదే. కెన్నెత్ ఆరో 1963లో, మార్క్ పాలీ 1968లో దీని మీద రాశారు. బీమా ఉన్న మనిషి వైద్యం ఎక్కువ వాడతాడు, దాన్ని గుణలోపంగా చూడాల్సిన పనిలేదు, ధర తగ్గితే ఎవరైనా చేసే పనే అది అన్నాడు పాలీ. ఆ తర్వాత అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ 1974 నుంచి 1982 దాకా ఒక పెద్ద ప్రయోగం నడిపింది. జోసెఫ్ న్యూహౌస్ ఆధ్వర్యంలో సుమారు 2,750 కుటుంబాలను లాటరీ తీసినట్టు వేరు వేరు బీమా పథకాల్లో చేర్చారు. కొందరికి వైద్యమంతా ఉచితం. మిగతావాళ్లు బిల్లులో కొంత భాగం, కొన్ని పథకాల్లో 95 శాతం దాకా, ఒక పరిమితికి లోబడి సొంతంగా పెట్టుకోవాలి. ఎక్కువ పెట్టుకోవాల్సి వచ్చినవాళ్లు ఉచితంగా పొందినవాళ్ల కంటే నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ ఖర్చు చేశారు. సగటు మనిషి ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇక్కడితో చదవడం ఆపేస్తే ఊళ్లో వినపడే ఫిర్యాదే గెలిచినట్టు. కానీ ఆ ప్రయోగం ఇంకా చాలా చెప్పింది. డబ్బు పెట్టాల్సి వచ్చినప్పుడు జనం అక్కర్లేని వైద్యాన్ని ఎంత తగ్గించుకున్నారో అవసరమైన వైద్యాన్నీ దాదాపు అంతే తగ్గించుకున్నారు. ఏది అవసరమో ఏది కాదో రోగికి తెలియదు, తెలిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లే పనే ఉండదు. దెబ్బ తగిలింది పేదవాళ్లకు, అందులోనూ బీపీ ఉన్నవాళ్లకు. ఉచిత వైద్యం దొరికిన పేదల్లో బీపీ మెరుగ్గా అదుపులోకి వచ్చింది, ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో మరణించే అవకాశం పది శాతం దాకా తగ్గింది. ఇక మన చర్చకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: ధర పని చేసింది డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం మీదే. ఒకసారి వెళ్లాక ఆ జబ్బుకు అయ్యే ఖర్చు, ఉచితం వాళ్లకైనా డబ్బు కట్టేవాళ్లకైనా ఇంచుమించు ఒకటే. లోపల ఏం జరగాలన్నది డాక్టరు నిర్ణయించాడు.

2008లో అమెరికాలోనే ఆరెగాన్ రాష్ట్రం పేదలకు ప్రభుత్వ బీమాను లాటరీ తీసి ఇచ్చింది. బీమా వచ్చినవాళ్లు ఎమర్జెన్సీ విభాగానికి వెళ్లడం ఏడాదిన్నరలో 40 శాతం పెరిగింది. అప్పుల బాధ తగ్గింది, డిప్రెషన్ తగ్గింది. ఉచితం వాడకాన్ని పెంచుతుందన్నది నిజమే. పెరిగినదంతా వృథా అనడమే తప్పు.

ఇప్పుడు డెల్టాలోకి వద్దాం. అసలు ఇక్కడి రోగికి వైద్యం నిజంగా ఉచితమేనా? సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వచ్చే మనిషిని తీసుకోండి. లేదా ముమ్మిడివరం పక్క లంక నుంచి కాకినాడ పెద్దాస్పత్రికి బయలుదేరిన కొబ్బరి ఒలుపు కూలీని తీసుకోండి. ఆ రోజు కూలి పోయింది. తోడు వచ్చినవాళ్ల కూలీ పోయింది. పడవ, ఆటో, బస్సు, మధ్యాహ్నం భోజనం. రిపోర్టు రేపు ఇస్తామంటే మళ్లీ అంతా మొదటికి. డాక్టరు ఒక్క రూపాయి తీసుకోకపోయినా ఇంటి నుంచి ఖర్చయ్యేది చిన్న మొత్తం కాదు. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5 వేలు ఇచ్చే ఆరోగ్య ఆసరా పథకం 2019 డిసెంబరులో వచ్చింది అందుకే. ఇంత దూరం పడిన మనిషి సరదాకి రాలేదు. ఉచితం కదా అని తేలిగ్గా వచ్చిపోగలిగేది ఆస్పత్రికి దగ్గర్లో, టౌన్లో ఉన్నవాళ్లు, జీతం కోత లేకుండా సెలవు పెట్టుకోగలిగినవాళ్లు.

అయినా పీహెచ్‌సీల్లో అక్కర్లేని రద్దీ లేదా అంటే ఉంది. దాన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి. నాట్లు అయిపోయిన రోజుల్లో ఓపీ వరసలో నిలబడే ఆడవాళ్లలో చాలామంది చెప్పే జబ్బు ఒకటే, నీరసం. "ఒక సీసా ఎక్కించండి డాక్టరుగారూ, ఒంట్లో ఓపిక లేదండి." సీసా అంటే సెలైన్. అర లీటరు గ్లూకోజు సీసాలో, ఐదు శాతం రకమైతే, ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. రావులపాలెం మార్కెట్లో గెల నుంచి తెంపిన ఒక మోస్తరు అరటిపండులో పిండిపదార్థం అంతకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. మామూలు ఉప్పు సెలైన్ అయితే అర లీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంతే. నోటితో తాగగలిగిన మనిషికి ఓఆర్ఎస్ పొట్లం, కాస్త మజ్జిగ, కడుపునిండా అన్నం ఇచ్చే బలం సెలైన్ ఇవ్వదు. పైగా నరంలోకి సూది గుచ్చిన ప్రతిసారీ ఇన్‌ఫెక్షన్ భయం ఒకటి, గుండె బలహీనంగా ఉన్న ముసలివాళ్లకు ఒంట్లో నీరు చేరే ప్రమాదం ఇంకొకటి.

పీహెచ్‌సీ డాక్టరు ఈ మాట చెప్పి, ఐరన్ మాత్రలు రాసి పంపారనుకుందాం. తర్వాత ఏం జరుగుతుంది? సాయంత్రం ఆ మనిషి ఊళ్లో డాక్టరు డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తుంది. ఆయన సీసా తగిలించి, అందులో విటమిన్ ఇంజక్షన్ కలుపుతాడు. నీళ్లలా ఉన్న సెలైన్ పసుపురంగులోకి మారుతుంది. మందు లోపలికి వెళ్తున్నట్టు కళ్లకు కనపడుతుంది. మంచం మీద గంటసేపు నడుం వాల్చడం, ఎవరో ఒకరు పక్కన కూర్చుని "ఎలా ఉంది వదినా" అని అడగడం, ఆ గంట ఇంటి పని నుంచి, పొలం పని నుంచి విడుదల. ఇవన్నీ కలిసి నిజంగానే ఓపిక తెచ్చినట్టు అనిపిస్తుంది. దీనికి ఆమె చేతి డబ్బు ఇస్తుంది. ఉచితంగా దొరికే చోట వద్దన్నదాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటోందంటే, ఈ వాడకానికి అసలు కారణం ఉచితం కాదన్నమాటే. నీరసానికి అసలు కారణం రక్తహీనత కావచ్చు, తిండి కావచ్చు, నిద్ర లేకపోవడం కావచ్చు. దాని గురించి ఆమెతో తీరిగ్గా మాట్లాడే సమయం ఓపీలో వంద మందిని చూడాల్సిన డాక్టరుకు లేదు. సీసా మీద నమ్మకం ఆ ఖాళీలోనే పెరిగింది.

అదే పీహెచ్‌సీలో ఇంకో బల్ల మీద బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఉంటాయి. అవీ ఉచితమే. 104 బండి ఊళ్లోకే తెచ్చి ఇస్తుంది. ఉచితమైతే జనం ఎగబడతారన్నది పూర్తి నిజమైతే ఈ బల్ల దగ్గర తొక్కిసలాట జరగాలి. జరిగేది దానికి రివర్సు. నెల వాడి, తలతిరుగుడు తగ్గగానే మానేస్తారు. "ఇప్పుడు బానే ఉంది కదండి, బిళ్లలు అలవాటైపోతాయని ఆపేశాను" అంటారు. బీపీ మాత్ర వేసుకున్నందువల్ల కనపడే లాభం ఏమీ లేదు, పదేళ్ల తర్వాత రాకుండా పోయిన పక్షవాతం ఎవరికీ కనపడదు. మానేసిన వాళ్లలో కొందరు కొన్నేళ్లకు కాలూ చెయ్యీ పడిపోయి 108లో రాజమండ్రికో కాకినాడకో చేరతారు, కొందరు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ బెడ్ ఎక్కుతారు. ఆ వైద్యం కూడా ఉచితమే, ఖర్చు మాత్రం ఎన్నో రెట్లు. ఒకే ఊళ్లో, ఒకే మనిషిలో, అక్కర్లేనిది ఎక్కువ వాడటం, కావాల్సింది తక్కువ వాడటం రెండూ కలిసే ఉన్నాయి. ధర ఒక్కదానితో ఈ రెంటినీ వివరించడం కుదరదు.

సిజేరియన్ల లెక్క దీన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5. జనాభా మొత్తం మీద పది శాతం దాటాక సిజేరియన్లు పెరిగినా తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఇక అసలు అంకెలు ఇవి: మన రాష్ట్రంలో ప్రభుత్వాస్పత్రి కాన్పుల్లో సిజేరియన్లు 26.6 శాతం, ప్రైవేటులో 63 శాతం. కాన్పు ఉచితంగా జరిగే చోట కోత తక్కువ, సాధారణంగా జనం డబ్బు కట్టే చోట రెండింతలకు పైగా ఎక్కువ. ప్రైవేటుకు వెళ్లేవాళ్లలో వయసు, బరువు, మొదటి కాన్పు లాంటి తేడాలు కొన్ని ఉంటాయి. ముహూర్తం చూసుకుని తేదీ అడిగే కుటుంబాలు డెల్టాలో తక్కువేం కాదు. నొప్పులు పడలేనని గర్భిణులే అడగడమూ ఉంది. ఇవన్నీ కలిపినా ఇంత తేడా రాదు. మామూలు కాన్పుకు ఒక రాత్రంతా డాక్టరు కాచుకుని ఉండాలి, సిజేరియన్‌కు గంట చాలు, బిల్లు ఎక్కువ. వైద్యం చేసేవాళ్లకు డబ్బు ఏ పనికి ఎలా వస్తుందన్నది కోతల సంఖ్యను నిర్ణయిస్తోంది. రోగి జేబులో డబ్బు ఉందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

గర్భసంచి ఆపరేషన్ల చరిత్ర ఇంకా బాధాకరమైనది. 2015-16 నాటి నాలుగో సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోనే అన్నిటికంటే ఎక్కువ. దీనికి వెనక ఒక వరస ఉంది. పెళ్లి త్వరగా, ఇద్దరు పిల్లలు త్వరగా, పాతికేళ్లు నిండేలోపే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. మన రాష్ట్రంలో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఆ తర్వాత ముప్ఫైల్లో తెల్లబట్ట, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, నడుంనొప్పి వస్తే "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక ఆ సంచీతో ఏం పని, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్న మాట ఎదురవుతుంది. ఆ మాట ఆర్ఎంపీ అనవచ్చు, స్కానింగ్ దగ్గర అనవచ్చు, తోడికోడలే అనవచ్చు. తెల్లబట్టకు చాలాసార్లు వారం రోజుల మందులు చాలు. ఎక్కువ రక్తస్రావానికీ మాత్రలున్నాయి, లోపల అమర్చే హార్మోన్ సాధనాలున్నాయి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. నలభై దాటకముందే మోకాళ్లు, నడుం పట్టేసి కూలికి పోలేని స్థితికి చేరిన ఆడవాళ్లకు, దానికీ పదేళ్ల కిందటి ఆపరేషన్‌కీ సంబంధం ఉండొచ్చని ఎవరూ చెప్పరు.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. ఈ ఆపరేషన్లు ఆరోగ్యశ్రీతో మొదలవలేదు. అంతకుముందే పుస్తెలు తాకట్టు పెట్టి మరీ చేయించుకున్నారు. పథకం వచ్చాక తాకట్టు అవసరం తప్పింది, అంటే వద్దనుకోవడానికి ఉన్న ఒక కారణం పోయింది. ఉమ్మడి రాష్ట్రంలోనే ప్రభుత్వం విషయం గ్రహించి, పథకం కింద ఈ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆస్పత్రుల నుంచి తప్పించి ప్రభుత్వాస్పత్రులకే పరిమితం చేసింది. అనవసరమైన గర్భసంచి తొలగింపుల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇస్తూ, కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని ఆదేశించింది. తీర్పు వచ్చినంత మాత్రాన ఊళ్లో మాట మారదు. ఊళ్లో ఆడవాళ్లు మొదట అడిగేది ఏఎన్ఎంనో, ఆశా కార్యకర్తనో, ఆర్ఎంపీనో. ఆ ముగ్గురిలో ఆపరేషన్‌కు పంపితే కమీషన్ వచ్చేది ఎవరికో డెల్టాలో అందరికీ తెలుసు.

పథకం ఎలా పని చేస్తుందో కూడా చూడాలి. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీగా మొదలైంది. తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, మళ్లీ ఆరోగ్యశ్రీ, ఇప్పుడు మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రభుత్వాలతో పేరు మారినా జనం నోట్లో మాత్రం అది "కార్డు". 2020 జనవరి 3న ఏలూరులో, ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాను పైలట్‌గా తీసుకుని 2,059 చికిత్సలకు పథకాన్ని విస్తరించారు. వైద్యం ఖర్చు వెయ్యి రూపాయలు దాటితే పథకం వర్తిస్తుందన్నారు. తర్వాత చికిత్సల సంఖ్య 3,257కు చేరింది, 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. క్యాన్సర్, గుండె ఆపరేషన్లు, డయాలసిస్ విషయంలో ఈ పథకం కాపాడిన ఇళ్లు డెల్టాలో ప్రతి వీధిలో ఉన్నాయి. ఇది మర్చిపోయి మాట్లాడటం అన్యాయం.

కానీ పథకం డబ్బు ఇచ్చేది ప్రధానంగా ప్యాకేజీకి, అంటే ఆస్పత్రిలో చేరి చేయించుకునే ఒక పనికి. కూర్చోబెట్టి నచ్చజెప్పి, మందులు రాసి, నెల తర్వాత రమ్మని పంపిన డాక్టరుకు దాని నుంచి పెద్దగా వచ్చేదేం లేదు. అందువల్ల ఓపీలో తేలిపోయే జబ్బు కూడా అడ్మిషన్ వైపు జరుగుతుంది. ఇందులో రోగి భాగమూ ఉంది. "ఎలాగూ వచ్చాం కదండి, అడ్మిట్ చేసేసుకుని కార్డులో పెట్టేయండి" అని అడిగేవాళ్లు కౌంటర్ దగ్గర రోజూ కనపడతారు. వాళ్ల లెక్క వాళ్లకుంది: ఓపీలో రక్తపరీక్షలు, స్కానింగ్, మందులు సొంత డబ్బు, మంచం ఎక్కితే అన్నీ ఉచితం. మనిషిని మంచం ఎక్కమని పథకమే చెబుతుంటే రోగిని తిట్టి ప్రయోజనం లేదు. వెయ్యి రూపాయల గీత లాంటివి ఉన్నచోట బిల్లు ఆ గీత దాటాలని చూడటం కూడా ఇలాంటిదే. పరుపు ఉంటే పేషెంటు వస్తాడని అమెరికా వైద్యుడు మిల్టన్ రోమర్ 1960 ప్రాంతంలోనే గమనించాడు. బీమా ఉన్న చోట ఆస్పత్రి ఎన్ని మంచాలు వేస్తే అన్నీ నిండుతాయన్నది ఆయన పరిశీలన.

దీనికి ఉచిత మెగా వైద్య శిబిరాలు తోడు. పథకం తొలి రోజుల్లో దాని జాబితాలో చేరిన నెట్‌వర్క్ ఆస్పత్రులు పల్లెల్లో శిబిరాలు పెట్టాలన్నది నిబంధనే. గుడ్డితనం నుంచి తప్పించిన కంటి శుక్లం ఆపరేషన్లు, ముందుగా బయటపడ్డ గుండె జబ్బులు ఆ శిబిరాల పుణ్యమే. అయితే ఏ బాధా లేని మనిషిని పరీక్షల వరసలో నిలబెడితే ఏదో ఒకటి దొరుకుతుంది. నడుంనొప్పే లేని యాభై ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా సుమారు 60 శాతం మందిలో డిస్కు ఉబ్బి కనపడుతుంది. దక్షిణ కొరియాలో 1999లో ప్రభుత్వం వేరే క్యాన్సర్లకు పరీక్షలు మొదలుపెట్టింది. ఆస్పత్రులు కొద్ది డబ్బుకే థైరాయిడ్ స్కానింగ్ కూడా జతచేశాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. అంటే దొరికినవాటిలో చాలాభాగం ఎప్పటికీ హాని చేయనివి. వేల మందికి గ్రంథి తీసేశారు, వాళ్లు జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. 2014లో అక్కడి డాక్టర్లే ముందుకొచ్చి ఈ పరీక్షలు వద్దని చెప్పాక ఆపరేషన్లు బాగా తగ్గాయి. పరీక్ష చవగ్గా వచ్చింది కదా అని చేయించుకున్నవాళ్లు దానికి తమ శరీరంతో మూల్యం చెల్లించారు.

డబ్బు ఎక్కువ ఖర్చయితే ఎవరికి నష్టం అన్నది డెల్టా రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన నాటి నుంచి కాలువ మొదట్లో ఉన్న చేనుకూ శివారు చేనుకూ మధ్య నీటి తగువు ఉంది. ఎగువన తూము ఎత్తేసి చేను నిండా పెట్టుకుంటే ఆ రైతుకు అదనంగా పండేదేమీ ఉండదు, శివారులో మాత్రం నారు ఎండుతుంది. దాళ్వాలో వంతులు పెట్టేది అందుకే. వైద్యం నిధులూ అంతే. బిల్లుల బకాయిలు పేరుకుపోయాయని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేయడం, ఆపేస్తామని హెచ్చరించడం గత కొన్నేళ్లలో పదేపదే జరిగింది, 2025 అక్టోబరులో కూడా జరిగింది. అలా ఆగిన రోజుల్లో టౌన్లో అక్కర్లేని అడ్మిషన్ తీసుకున్న మనిషికి వచ్చే కష్టం లేదు. కీమోథెరపీ మధ్యలో ఉన్న లంక ఊరి మనిషి వెనక్కి తిరిగి వెళ్లాల్సి వస్తుంది.

మరి ఏం చేయాలి? తరచుగా వినపడే సలహా, కొంచెమైనా ఫీజు పెట్టండి, విలువ తెలుస్తుంది అని. దీనికి ఆధారం బలంగా లేదు. కెన్యాలో బడిపిల్లలకు నులిపురుగుల మాత్రలు ఉచితంగా ఇచ్చినప్పుడు 75 శాతం మంది తీసుకున్నారు. నామమాత్రం ధర పెట్టగానే అది 20 శాతం లోపుకు పడిపోయింది. ఆ దేశంలోనే దోమతెరల విషయంలో కూడా ఇదే కనపడింది, పైగా ఉచితంగా తీసుకున్నవాళ్లు వాటిని కొన్నవాళ్ల కంటే తక్కువేమీ వాడలేదు. ఫీజు పెడితే ముందు ఆగిపోయేది బీపీ మాత్రల కోసం రావాల్సిన ముసలమ్మ. సెలైన్ కోసం ఎలాగూ డబ్బిస్తున్న మనిషి ఆగదు. దేశంలో వైద్యం ఖర్చులో జనం చేతి నుంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22 నాటికి 39.4కి తగ్గింది. ఇప్పటికీ అది చాలా ఎక్కువ. దాన్ని మళ్లీ పెంచే దారిలో వెళ్లకూడదు.

థాయిలాండ్ చేసిన పని ఇంతకంటే ఉపయోగకరం. 2001-02లో అక్కడ అందరికీ వైద్యం తెచ్చినప్పుడు విజిట్‌కు 30 బాట్ల ఫీజు పెట్టారు, మధ్యలో కొన్నేళ్లు దాన్నీ ఎత్తేశారు. ఖర్చును అదుపులో పెట్టింది ఆ 30 బాట్లు కాదు. ప్రతి మనిషీ దగ్గరలోని జిల్లా స్థాయి కేంద్రంలో పేరు నమోదు చేసుకుంటాడు. ఓపీ వైద్యానికి ఆ కేంద్రానికి ఏడాదికి తలకింత అని ప్రభుత్వం ముందే ఇచ్చేస్తుంది. మనిషి ఆరోగ్యంగా ఉంటే కేంద్రానికే మంచిది. పెద్దాస్పత్రికి వెళ్లాలంటే అక్కడి నుంచి రాసి పంపాలి. అడ్మిషన్లకు దేశం మొత్తానికి ఒక బడ్జెట్ గీత ఉంది. రోగికి ఉచితం ఉచితంగానే ఉంది, అక్కర్లేని పని చేస్తే డాక్టరుకు లాభం వచ్చే దారి మాత్రం మూసుకుపోయింది.

మన దగ్గర దీనికి కావాల్సిన ముడిసరుకు చాలావరకు ఉంది. విలేజ్ హెల్త్ క్లినిక్కులున్నాయి. పీహెచ్‌సీ డాక్టరు ఊరికే వచ్చే ఫ్యామిలీ డాక్టర్ విధానం 2023 ఏప్రిల్‌లో మొదలైంది. లేనిది, ఆ డాక్టరు మాటకు పథకంలో విలువ. ఎమర్జెన్సీ కాని ఆపరేషన్లకు, కనీసం గర్భసంచికీ మోకాలికీ వెన్నుకూ, ఊరి డాక్టరు చూసి రాసిన కాగితం ఉండాలన్న నిబంధన పెట్టవచ్చు. నలభై ఏళ్ల లోపు గర్భసంచి కేసు ఏదైనా ప్రభుత్వాస్పత్రి గైనకాలజిస్టు మరోసారి చూడాలి. ఓపీలో తేలే జబ్బులకు, ముఖ్యంగా స్కానింగ్, రక్తపరీక్షలకు, పథకం డబ్బు ఓపీలోనే ఇవ్వాలి. అప్పుడు మంచం ఎక్కించమని బతిమాలే పని తప్పుతుంది. ఊరి క్లినిక్కుకు ఇచ్చే డబ్బులో కొంత, ఆ ఊళ్లో ఎంతమంది బీపీ, షుగర్ అదుపులో ఉందన్న లెక్క మీద ఇవ్వాలి. ఆర్ఎంపీల కమీషన్ మీద చర్య అన్నది ప్రతి ప్రభుత్వం చెప్పే మాటే. ఆస్పత్రి లెక్కలు తనిఖీ చేయకుండా ఊళ్లో మనిషిని పట్టుకుంటే అది ఆగదు, ఎందుకంటే ఇచ్చే చెయ్యి ఆస్పత్రిది.

ఇంకొకటి ఇప్పటికిప్పుడు చేయగలిగింది. నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో ఆరోగ్య మిత్రలు కార్డు చూసి, కాగితాలు సరిచేసి, చికిత్సకు ముందస్తు అనుమతి అయిన ప్రీ ఆథరైజేషన్‌కు పంపుతారు. ఈ వరసలో ఎక్కడా రోగితో ఆపరేషన్ గురించి కూర్చుని మాట్లాడే మనిషి లేడు. ఒప్పంద పత్రం చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది, సంతకమో వేలిముద్రో వేసేది స్ట్రెచర్ ఎక్కే ముందు. ఆ పత్రం తెలుగులో ఉండాలి. అందులో రెండు గడులు అదనంగా పెట్టాలి: ఈ ఆపరేషన్ కాకుండా వేరే దారి ఏమిటి, మూడు నెలలు ఆగితే ఏమవుతుంది. డాక్టరు వాటిని తన చేత్తో నింపి, ఇంటివాళ్లకు చదివి వినిపించాలి. ఆ రెండు గడులు ఖాళీగా ఉంటే ఎమర్జెన్సీ కాని కేసుకు ప్రీ ఆథరైజేషన్ రాకుండా కంప్యూటర్లో ఏర్పాటు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, అదనపు నిధులూ అక్కర్లేదు. పథకాన్ని నడిపే ట్రస్టు నుంచి ఒక ఉత్తర్వు చాలు.